యంత్రములో యంత్రము



ఒకే కంప్యూటరులో పెక్కు కంప్యూటర్లున్నట్లు పని సేయించు విద్యకు వర్చువలైజేషన్ అని పేరు. లోపల పుట్టు కంప్యూటరును అతిథియంత్ర మందము. యంత్రపు వనరులను పంచిపెట్టు ప్రధానాధికారి కెర్నెల్. ఈ విద్యకుఁ దోడ్పడు ప్రత్యేకశక్తిని ఇంటెల్ 2005లోను, ఏఎండీ 2006లోను తమ ప్రాసెసర్లయందే చేర్చినవి. 2007లో లినక్స్ కెర్నెల్, కేవీఎమ్ అను భాగముచే దానిని చేపట్టినది.

ఆ శక్తిని ఎప్పుడు మేల్కొల్పవలెను? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారికి నీరుగంటిని గూర్చి చెప్పఁ బనిలేదు. ఒక నీరుగంటి రైతు వచ్చి యడిగిన పిమ్మటనే తూముకడకుఁ బోవును, జాప్యము తప్పదు. వేఱొకఁడు వేకువనే తూముకడ నిలిచియుండును. జాప్యము లేదు గాని, అన్యునకు అచటఁ జోటుండదు.

కేవీఎమ్ చిరకాలము మొదటి పద్ధతినే యనుసరించెను. తొలి అతిథియంత్రము పుట్టఁగా శక్తిని మేల్కొలిపి, కడపటిది పోఁగానే నిద్రపుచ్చెడిది. 2024 నవంబరున వెలువడిన 6.12వ కెర్నెల్, కేవీఎమ్ ప్రవేశించినప్పుడే మేల్కొలుపుటను వాడుకగాఁ జేసెను. ప్రాసెసర్లు పెక్కులున్నచోఁ దొలి అతిథికిఁ గలుగు నాలస్యము తప్పినది. కాని ఇంటెల్ యంత్రములలో ఈ శక్తి నొకరు పట్టియుండఁగా వేఱొకరు పట్టఁజాలరు. అందుచే వర్చువల్‌బాక్స్ వాడువారిలోఁ గొందఱి పని యాగినది. పూర్వపద్ధతిని గోరువారికై కెర్నెల్ కర్తలు ఒక మీటను గూడ నుంచిరి.

త్వరగా నిచ్చుట మేలే. పొరుగువానికిఁ జోటు విడుచుటయు అధికారి ధర్మమే. ఈ రెండును గలిసినప్పుడే పాలన చక్కఁబడును.