కుక్కపిల్లని ఎవరు ఎంచుకోవాలి?

ఈ ఆదివారం నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు, వీసాల గురించో ఉద్యోగాల గురించో చెబుతాననుకుని ఉంటారు. నేనేమో కుక్కపిల్లల గురించి చెబుతానన్నాను. నవ్వకండి. ఇల్లు కొన్నప్పుడు కూడా మా ఇంట్లో ఇంత చర్చ జరగలేదు.

మేం ఉండేది డాలస్ దగ్గర. నేను కన్సల్టెంటుని. సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే గురువారం రాత్రికి గానీ ఇల్లు చేరను. మా ఆవిడకి ఆఫీసు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నాన్నగారు పోయాక అమ్మ మాతోనే ఉంటోంది. నాన్నగారికి గుండెలో మైట్రల్ వాల్వ్ సరిగా మూసుకునేది కాదు. చివరి రెండేళ్ళూ ఇక్కడే, ఆయాసంతోనే గడిపారు. పొద్దున్నే మాత్రల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టడం మా అమ్మాయి పని. ఆయన పోయాక పిల్ల మాటలు తగ్గించేసింది. కొన్నాళ్ళకి "నాన్నా, కుక్కపిల్లని తెచ్చుకుందామా?" అని అడిగింది. కాదనలేకపోయాను.

ఏ కుక్క కావాలో కూడా తనే చెప్పింది. స్నేహితురాలి ఇంట్లో ఉన్న కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. పదమూడు నుంచి పద్దెనిమిది పౌన్ల బరువు, వేలాడే చెవులు, పెద్ద కళ్ళు. ఎవరు కూర్చుంటే వాళ్ళ ఒళ్ళోకి ఎక్కేస్తుంది. కొత్తవాళ్ళొచ్చినా అరవడం తక్కువే. మా ఆవిడ మాత్రం హవనీస్ అంది. ఇది క్యూబా దేశపు కుక్క, ఏడు నుంచి పదమూడు పౌన్లు ఉంటుంది. 1959 విప్లవం తర్వాత దేశం విడిచి వచ్చిన కుటుంబాలు వీటిని కూడా వెంట తెచ్చుకున్నాయట. 1970లలో అమెరికాలో పదకొండు కుక్కలతో ఈ జాతిని మళ్ళీ నిలబెట్టారు. ఈ కథ వినగానే అమ్మ, "అయితే ఇది కూడా మనలాగే వలస వచ్చిందన్నమాట" అంది.

నేను అలవాటు కొద్దీ ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. కావలియర్ జుట్టు బాగా రాలుతుంది, దువ్వడం మాత్రం తేలిక. హవనీస్ జుట్టు పెద్దగా రాలదు గానీ, రోజూ దువ్వకపోతే ఉండలు కట్టేస్తుంది. నెలా రెండు నెలలకోసారి కత్తిరించాలి, దాని ఖర్చు వేరు. బయటికెళ్ళే అలవాటు చేయడానికి హవనీస్‌తో ఓపిక కాస్త ఎక్కువ కావాలి. రెండూ ఒంటరితనం ఓర్చుకోలేవు. మా ఆవిడకి తుమ్ముల బాధ ఉంది కాబట్టి జుట్టు రాలనిదైతే మేలనుకున్నాం. కానీ అలర్జీ తెప్పించేది కుక్క చర్మం పొట్టులోనూ, ఉమ్ములోనూ ఉంటుంది. అందుకని అలర్జీ అసలు రానివ్వని కుక్కంటూ లేదు. ముందు తెలిసినవాళ్ళింట్లో ఒక గంట కూర్చుని చూడండి.

ఇక జబ్బుల గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కావలియర్ పక్కన రాయాల్సిన మొదటి మాట మైట్రల్ వాల్వ్. అయిదేళ్ళు వచ్చేసరికి వీటిలో దాదాపు సగానికి గుండెలో మర్మర్ వినిపిస్తుందట. పదేళ్ళకి చాలావాటికి ఉంటుంది. పుర్రె చిన్నదై మెదడుకి చోటు చాలక నొప్పితో బాధపడేవీ ఉన్నాయి. 2023లో నార్వే సుప్రీంకోర్టు, తమ దేశంలో ఈ జాతిని పెంచి పిల్లల్ని తీయడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. హవనీస్‌కి జబ్బులు లేవని కాదు. మోకాలి చిప్ప పక్కకి జారడం, కళ్ళలో శుక్లాలు, చెవుడు వాటికీ వస్తాయి.

అమ్మాయికి చెప్పకుండా దాటేద్దామా అనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాం. పిల్ల కాసేపు కంచం వంక చూసి, "తాతయ్యకీ అదే ఉందిగా. మనం తాతయ్యని వద్దనుకోలేదుగా?" అంది.

నా దగ్గర జవాబు లేదండీ. అమ్మే చెప్పింది. "తాతయ్యని మనం కొని తెచ్చుకోలేదమ్మా. మన దగ్గరున్న ప్రాణికి జబ్బు చేస్తే చూసుకుంటాం. జబ్బొస్తుందని తెలిసీ డబ్బిచ్చి తెచ్చుకుంటే, అలాంటివాటిని ఇంకా పుట్టించమని చెప్పినట్టే కదా" అంది. పిల్ల ఏడ్చింది. అమ్మా ఏడ్చింది. నాన్నగారు పోయాక ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

అప్పుడు నాకు తట్టింది. సోమవారం నుంచి గురువారం దాకా, పగలంతా ఈ కుక్కతో ఉండేదెవరు? అమ్మ. ఆవిణ్ణి ఎవరమూ అడగనేలేదు. అడిగితే తన లెక్క తను చెప్పింది. మోకాళ్ళ నొప్పులు కాబట్టి గట్టిగా లాగే కుక్క వద్దు. పూజగదిలోకి రాకూడదు. దువ్వడం కష్టం కాదు, మనవరాలికి జడ వేస్తూనే ఉంది కదా. అలా హవనీస్ ఖాయమైంది. పూజగదికి పసిపిల్లలకి కట్టే గేటు ఒకటి కట్టాం.

మీరు కావలియరే కావాలనుకుంటే తప్పనడం లేదు. కానీ గుండె వైద్యుడు పరీక్షించిన కాగితాలు చూడండి. తల్లీ తండ్రీ కనీసం రెండున్నరేళ్ళు దాటినవై ఉండాలి. వాటి తల్లిదండ్రుల గుండెలు అయిదేళ్ళు వచ్చాక కూడా బాగున్నాయా అని అడగండి. ఏ జాతైనా ఓ.ఎఫ్.ఏ. వెబ్‌సైట్‌లో తల్లిదండ్రుల పరీక్షల ఫలితాలు వెతకవచ్చు. తల్లిని చూపించనివాళ్ళ దగ్గర కొనకండి. ఇన్సూరెన్సు కుక్కపిల్ల వచ్చిన వారంలోనే తీసుకోండి. ముందే బయటపడిన జబ్బుకి సాధారణంగా డబ్బు రాదు. పెద్దవయసు కుక్కల్ని రెస్క్యూ సంస్థల నుంచి తెచ్చుకోవడం కూడా మంచి దారే. అమ్మ చెప్పిన లెక్కకి అది అడ్డు రాదు కూడా.

మన వంటింటి సంగతి మరిచిపోకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కలకి విషం. సాంబారన్నం ముద్ద, పాయసం అడుగున మిగిలిన కిస్మిస్‌లు ముద్దుకి కూడా పెట్టకూడదు. వచ్చే చుట్టాలందరికీ ముందే చెప్పండి. ఇండియా వెళ్ళినప్పుడు దాన్ని ఎవరు చూస్తారో కూడా కుక్క రాకముందే తేల్చుకోండి. మేమూ పక్క వీధిలో ఇంకో తెలుగు కుటుంబమూ ఒకరి కుక్కని ఒకరం చూసుకుంటామని మాట ఇచ్చుకున్నాం.

మా చిట్టి వచ్చి పద్నాలుగు నెలలైంది. ఇప్పటికీ వానొస్తే గడపదాటదు, తివాచీ మీదే పని కానిచ్చేస్తుంది. పొద్దున్నే తిండి కొలిచి గిన్నెలో వేసే డ్యూటీ మా అమ్మాయిది. సాయంత్రం అమ్మ ముందు మనవరాలికి జడ వేస్తుంది, తర్వాత చిట్టిని దువ్వుతుంది. దువ్వుతున్నంతసేపూ ఇద్దరికీ నాన్నగారి కబుర్లు చెబుతూ ఉంటుంది. నేను ఊరెళ్ళిన రాత్రులు ఫోన్లో వింటాను.