కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు
స్ప్రే రంగులు, ఊపిరితిత్తులు, మన హక్కులు

(అసంఘటిత రంగంలో స్త్రీలతో పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం ప్రసవాల గురించీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించీ, రక్తహీనత గురించీ మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. కానీ ఆమె చేసే పని ఆమె ఊపిరిని ఏం చేస్తోందని అడిగేవాళ్ళు తక్కువ. ఈ రోజు ఒక్క పనిని తీసుకుని మాట్లాడతాను. బొమ్మలకీ, విగ్రహాలకీ స్ప్రే గన్‌తో రంగు వేసే పని.

హైదరాబాదులోని ధూల్‌పేట మీకు తెలుసు. వినాయక చవితికి నెలల ముందు నుంచే అక్కడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల పని మొదలవుతుంది. పోత పోయడం, రుద్దడం, తెల్లరంగు పూయడం, కంప్రెసర్‌తో రంగులు చిమ్మడం, చివర కళ్ళూ నగలూ దిద్దడం. వానాకాలం కాబట్టి పైన టార్పాలిన్లు కడతారు. వానని ఆపే ఆ పట్టాయే రంగు పొగని కూడా బయటికి పోనివ్వదు.

ఈ విగ్రహాల రంగుల గురించి మన దగ్గర చర్చ జరగలేదని కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనం మీద మార్గదర్శకాలు ఇచ్చి, 2020లో వాటిని సవరించింది. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనాన్ని నిషేధించింది. ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది. ఇదంతా అవసరమైన చర్చే. కాకపోతే అది చెరువు నీళ్ళ చుట్టూనే తిరిగింది. ఆ రంగు నీళ్ళలో కలవడానికి ముందు కొందరి ఊపిరితిత్తుల్లోంచి వెళ్ళిందన్న సంగతిని మనం, అంటే మహిళా సంఘాలూ కార్మిక సంఘాలూ, గట్టిగా అడగలేదు.

స్ప్రే చేసినప్పుడు ఏం జరుగుతుంది? రంగు సన్నని తుంపరగా మారుతుంది. అందులో కొంత విగ్రహానికి అంటుకుంటుంది, మిగతాది గాలిలో తేలుతుంది. పెద్ద చుక్కలు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. కంటికి కనిపించనంత సన్నవి ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. దీనికి తోడు థిన్నరు ఆవిరి. థిన్నర్లలో టొలీన్, జైలీన్ వంటి ద్రావకాలుంటాయి. కళ్ళమంట, తలనొప్పి, తల తిరగడం, దగ్గు వెంటనే కనిపించేవి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది ఎక్కువవుతుంది. కార్లకి వేసే, గట్టిపరిచే ద్రావణం కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం లేనివాళ్ళకి కూడా ఉబ్బసం తెప్పించగలవు. పెయింటరు వృత్తి క్యాన్సర్‌కి కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లోనే తేల్చింది. కొన్ని పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉంటుంది. గర్భిణి ఒంట్లో చేరిన సీసం కడుపులోని బిడ్డకి చేరుతుంది. మన దేశంలో ఇళ్ళకి వేసే, అలంకరణకి వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. పరిశ్రమలకి అమ్మే రంగులు ఆ నిబంధన కిందికి రావు.

‘గన్ పట్టుకునేది మగవాళ్ళు కదా, మీరు ఆడవాళ్ళ గురించి ఎందుకు మాట్లాడుతున్నారు’ అని అడగొచ్చు. పని జరిగేది ఇంట్లోనో, ఇంటిముందు షెడ్డులోనో అయినప్పుడు గన్ ఒకరి చేతిలో ఉన్నా గాలి అందరిదీ. రంగు ఆరేంతసేపూ ఆవిరి వస్తూనే ఉంటుంది. ఆ పక్కనే వంట, ఆ పక్కనే పసిపిల్ల ఉయ్యాల, రాత్రి అక్కడే పడక. రంగు వేసినవాడు సాయంత్రం బజారుకి వెళ్ళి గాలి పీల్చుకుని వస్తాడు. ఆమె అక్కడే ఉంటుంది. ఆమె చేసే రుద్దుడు, తుడుపు, గిన్నెలు కడగడం ‘పని’గా లెక్కకి రావు కాబట్టి ఆమె పీల్చిన గాలి కూడా లెక్కకి రాదు.

ఇక రక్షణ. కొంగో, చున్నీయో, చేతిరుమాలో కట్టుకుంటే పెద్ద చుక్కలు కొన్ని ఆగుతాయి, అంతే. కోవిడ్ రోజుల్లో మనందరికీ అలవాటైన ఎన్-95 మాస్కు తుంపరని చాలావరకు ఆపుతుంది కానీ థిన్నరు ఆవిరిని ఆపలేదు. ఆవిరికి ఉత్తేజిత బొగ్గు ఉన్న కార్ట్రిడ్జ్ కావాలి, దాని ముందు తుంపరని ఆపే ఫిల్టరు ఉండాలి. ఈ రెండూ బిగించిన రబ్బరు మాస్కు ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి. గడ్డం ఉన్న ముఖానికి అది అతుక్కోదు. మగవాళ్ళ ముఖాల కొలతతో చేసినది సన్నని ముఖమున్న స్త్రీకి వదులవుతుంది. కాబట్టి చిన్న సైజు అడిగి తీసుకోవాలి. కార్ట్రిడ్జ్‌లను అరచేతులతో మూసి గాలి పీల్చితే మాస్కు ముఖానికి లోపలికి లాక్కోవాలి. లేకపోతే గాలి పక్కనుంచి వస్తోందన్నమాట. పని అయ్యాక మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. బయట వదిలేస్తే బొగ్గు ఆవిరిని పీల్చుకుంటూనే ఉండి పాడవుతుంది. థిన్నరు వాసన లోపలికి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. వాసన రాకపోతే క్షేమమని మాత్రం అనుకోవద్దు, ముక్కు వాసనకి త్వరగా అలవాటు పడుతుంది. ఐసోసయనేట్లున్న రంగులకి ఈ మాస్కు చాలదు. వాటిని ఇళ్ళలో వాడకూడదు.

అయితే మాస్కు ఆఖరి మెట్టు. మొదట రంగు మార్చాలి, నీళ్ళతో కలిపే రంగులకి థిన్నరు అక్కర్లేదు. అవి స్ప్రే చేసినా తుంపర ఉంటుంది కాబట్టి ఫిల్టరు కావాల్సిందే. వీలైనచోట బ్రష్ వాడాలి. గాలి మనిషి వెనకనుంచి వచ్చి, విగ్రహాన్ని దాటి బయటికి పోయేలా నిలబడాలి. పొయ్యి దూరంగా ఉండాలి, థిన్నరు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ఆరుతున్న విగ్రహాల మధ్య ఎవరూ పడుకోకూడదు.

సరదాకి చిన్న విమానాల, ఓడల నమూనాలు చేసి రంగులు చిమ్ముకునేవాళ్ళున్నారు. వారానికో గంట ఆ పనిచేసే మనిషికి డబ్బా మీద హెచ్చరిక ఉంటుంది, పొగని బయటికి లాగే పెట్టె బజార్లో దొరుకుతుంది. అదే పనిని నెలల తరబడి బతుకుతెరువుగా చేసేవాళ్ళకి మాత్రం అవేవీ అందవు. తేడా జ్ఞానంలో లేదు, ఎవరి ఊపిరికి విలువ కట్టామన్న దానిలో ఉంది.

చట్టం సంగతి చూద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ దాన్ని 20కీ 40కీ పెంచింది. ఇంట్లో కుటుంబం చేసే పనిలో యజమాని, కూలీ అన్న సంబంధమే కాగితం మీద ఉండదు. కానీ ఆ కోడ్‌లోనే ఒక దారి ఉంది. ప్రమాదకరమని కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పనులకి సంఖ్య పరిమితి వర్తించదు. థిన్నరుతో స్ప్రే చేసే పనిని అందులో చేర్చమని మనం అడగాలి. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళకి కూడా భద్రతా చట్టాలు వర్తించాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996 ఒడంబడికను ఆమోదించమని అడగాలి.

ఒక జాగ్రత్త. 1921లో అదే సంస్థ తెల్లసీసం రంగుల మీద చేసిన ఒడంబడిక పరిశ్రమల్లో ఆ రంగులు వేసే పని నుంచి స్త్రీలందరినీ తప్పించింది. విషాన్ని కాకుండా స్త్రీని బయటికి పంపడం పాత పద్ధతి. రక్షణ పేరుతో కూలి పోగొట్టుకోవడం మన డిమాండు కాదు. విషం లేని పని మన డిమాండు. రాత్రికి రాత్రి విగ్రహాలు నిషేధిస్తే పస్తులుండేది కూడా ఈ ఇళ్ళే. కాబట్టి రంగు మార్చడానికయ్యే ఖర్చు ప్రభుత్వమూ, పెద్ద ఆర్డర్లిచ్చే ఉత్సవ సంఘాలూ, వ్యాపారులూ భరించాలి.

మీరు బస్తీకి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ రంగు వాడుతున్నారు? గాలి ఎటు పోతోంది? ఆరే విగ్రహాల పక్కన ఎవరు పడుకుంటున్నారు? ఆయాసం, పిల్లికూతలు ఉన్న స్త్రీని ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆమె ‘ఇంటిపని’ చేస్తుందని కాకుండా, ఏ పని ఎన్నాళ్ళుగా చేస్తోందో చీటీలో రాయించండి. ఆ ఒక్క వాక్యం రేపు మన దగ్గర ఉండే సాక్ష్యం. ఇక చర్చ మొదలుపెడదాం.