వంతు వచ్చినప్పుడు కదలడం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. పదో తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. కార్యదర్శిగారు "పది నిమిషాలు ఏదైనా మాట్లాడవయ్యా" అన్నారు. సాహిత్యం మాట్లాడే అర్హత నాకు లేదు గనుక ఒక ఆటను గురించి మనవి చేస్తాను. ఆటలో బలగాన్ని ఎప్పుడు లేపాలి, ఎలా నడపాలి అన్నదే నా విషయం.

మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు. తాలూకా కర్ణాటకలోనిదే అయినా దాదాపు అన్ని వైపులా ఆంధ్రదేశమే. బడిలో కన్నడం చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నాము. వాన పడితే వేరుశెనగ, పడకపోతే వలస. ఇప్పుడు తిరుమణి, మా ఊరు మొదలైన అయిదు ఊళ్ళ పొలాల్లో, సుమారు 13,000 ఎకరాలలో, సూర్యరశ్మితో కరెంటు తీసే పలకలు పరచి ఉన్నాయి. 2,050 మెగావాట్ల కేంద్రమది. రైతులు భూములు అమ్మలేదు, కౌలుకు ఇచ్చారు. మా నాయన కూడా ఇచ్చాడు. పొలం పని తగ్గింది గనుక ఆయనకు ఇప్పుడు తీరిక ఎక్కువ, తోడు తక్కువ.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళాను. బెంగుళూరులో చదువుకుంటున్న మా మేనల్లుడు కూడా వచ్చాడు. వాడి సంచిలో ఒక పెట్టె. తెరిచి చూస్తే బొటనవేలంత బొమ్మలు! ఎముకల గూటి వీరుడు, గొడ్డలి పట్టిన మరుగుజ్జులు, రెక్కల పాము. అన్నిటికీ వాడే సన్నని కుంచెతో రంగులు వేశాడట. వీటితో బల్లమీద యుద్ధం ఆడతారట.

నేను నవ్వబోయాను గాని, ఇది పిల్లచేష్ట కాదు. 1824 లో ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే సైనికాధికారి పటం మీద దిమ్మెలు జరుపుతూ యుద్ధం నేర్పే ఆటను ప్రకటించాడు. 1913 లో హెచ్. జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత బొమ్మ సిపాయిలతో ఆడే పద్ధతిని పుస్తకంగా వ్రాశాడు. 1971 లో అమెరికాలో అచ్చయిన ఒక ఆట పుస్తకం భూతాలనూ మంత్రగాళ్ళనూ కూడా బల్లమీదికి తెచ్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మనవాళ్ళు ఏనుగు, గుర్రం, రథం, కాల్బలం పెట్టి చతురంగం ఆడారు కదా!

ఈ ఆటల్లో అసలు చిక్కు ఒకటుంది. నిజమైన యుద్ధంలో అందరూ ఒకేసారి కదులుతారు. బల్లమీద అది సాధ్యం కాదు. కొన్ని ఆటల్లో ఒకడు తన సేన మొత్తాన్ని నడిపి, తర్వాత రెండోవాడికి ఇస్తాడు. అందులో రెండోవాడు చేతులు కట్టుకుని తన సేన చావడం చూస్తూ కూర్చోవాలి. మరికొన్నిటిలో ఒక దళం నువ్వు, ఒక దళం నేను.

మా వాడు ఆడేది ఇటలీవాడైన ఆండ్రియా స్ఫిలిగోయి 2007 లో వ్రాసిన పద్ధతి. అందులో బొమ్మ లేవాలంటే పాచికలు వెయ్యాలి. ఒకటి వేస్తావా, రెండా, మూడా, అది నీ ఇష్టం. ప్రతి బొమ్మకూ ఒక అంకె ఉంటుంది. దానికి తగ్గకుండా పడిన పాచికకు ఒక పని దక్కుతుంది: ఒక నడకో, ఒక దెబ్బో. అయితే రెండు పాచికలు తప్పాయా, దక్కిన పని ఏదైనా ఉంటే అది చేసుకుని వంతు ఎదుటివాడికి అప్పగించాలి. నీ మిగతా సేన లేవకుండానే ఉండిపోతుంది. ఒక్క పాచికతో సరిపెట్టుకుంటే వంతు పోదు గాని పని నెమ్మది. మూడు వేస్తే ఆశ ఎక్కువ, అపాయమూ ఎక్కువ. నడిచే దూరాన్ని కొలవడానికి పొట్టిది, నడిమిది, పొడుగుది అని మూడు పుల్లలుంటాయి.

మా నాయన ఇదంతా ఓపికగా విని, "బాగుందప్పా. దీన్ని మేము బొమ్మలు లేకుండానే ఆడినాము" అని, బొగ్గు తీసుకుని బండమీద పులిమేక గీశాడు.

మన పిల్లలు చాలామంది చూసి ఉండరు గనుక చెబుతున్నాను. పైన ఒక కొన. కొన నుంచి కిందికి నాలుగు గీతలు. వాటికి అడ్డంగా మూడు గీతలు, రెండు పక్కలకూ సాగి ఉంటాయి. ఆ పక్క కొసలను నిలువుగా కలపాలి. అడుగున మరొక గీత ఆ నాలుగిటినీ కలుపుతుంది. మొత్తం 23 కూడళ్ళు. పులులు 3, మేకలు 15. మా ఊరి పద్ధతిలో పులులు ముందే కొన దగ్గర కూర్చుంటాయి. మేకలవాడు వంతుకొక మేకను పెడతాడు. పులులవాడు వంతుకొక పులిని కదుపుతాడు. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలరాదు. పులి పక్కనున్న మేక వెనక, అదే గీతమీద, ఖాళీ ఉంటే దూకి చంపుతుంది. వెనక మరొక మేక ఉంటే దూకలేదు. పులులన్నీ కదలలేకపోతే మేకలు గెలిచినట్టు.

మేనల్లుడు పులులు తీసుకున్నాడు. బలమున్న పక్షం కదా! తాత అడుగు వరుసతో మొదలుపెట్టి, ఒకదాని వెనక ఒకటి ఆనిస్తూ మేకలు పెట్టుకొచ్చాడు. రెండు మేకలు పోయాయి. ఆయన తొందరపడలేదు.

అసలు కష్టం పదిహేనో మేక పెట్టిన తర్వాత వస్తుంది. అంతవరకు పెట్టిన ప్రతి మేకా గోడకు ఒక రాయి. ఆ తర్వాత వంతు వచ్చిన ప్రతిసారీ ఉన్న మేకల్లో ఒకటి కదలవలసిందే. ఒక చోటు నిండితే ఒక చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ కోసమే పులి కాచుకుని ఉంటుంది. మా నాయన ఏం చేశాడంటే, గోడలో లేని ఒక మేకను అడుగున మిగిల్చుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడల్లా దాన్ని ఒక కూడలి అటు, ఒక కూడలి ఇటు జరిపాడు. గోడ చెక్కుచెదరలేదు. పులులకు మాత్రం కదలక తప్పలేదు. కదిలి కదిలి మూలకు చేరి చిక్కుకున్నాయి.

"మామా, తాత నన్ను కట్టేశాడు!" అని వాడు కేక పెట్టాడు. ఆయన నవ్వి, "కదలడం తప్పు కాదప్పా. వెనక ఖాళీ చూసుకోకుండా కదలడం తప్పు" అన్నాడు.

సోదరులారా, ఆ మాట ఆయన మనవడితో అన్నాడు గాని నాకు తగిలింది. ఉద్యోగం దొరకగానే హిందూపురంలో రైలెక్కి నేను వచ్చేశాను. మరుసటి ఏడే మా తమ్ముడూ ఊరు విడిచాడు. ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. మూడేళ్ళ కిందట ఒక రాత్రి మా అమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి విరిగింది. నాయన నిద్రమాత్ర వేసుకుని ఉన్నాడు. తెల్లవారి పాలకు వచ్చిన పొరుగింటామె చూసి, ఆటో పిలిపించి పావగడకు చేర్చింది. రాత్రంతా ఆమె ఆ చలిలో ఉంది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత మేమిద్దరం వంతులు పెట్టుకున్నాము. ఒక నెల నేను, ఒక నెల వాడు. వంతు తప్పవలసి వస్తే ముందే రెండోవాడికి చెప్పాలి. మా రైల్వేలో సింగిల్ లైను మీద టోకెను చేతికి రానిదే డ్రైవరు బండి కదపరాదని పాత నియమం ఉండేది. ఇంట్లో కూడా అలాంటి టోకెనొకటి అవసరమని మాకు ఆలస్యంగా తెలిసింది. గోడ నిలవడం కోసం అటూ ఇటూ తిరిగే ఆ మేకను ఇప్పుడు నేనే. అందులో నాకు చిన్నతనం లేదు.

ఇక్కడ ఈ సభలో ఉన్న ప్రతి ఇంటికీ ఊళ్ళో ఒక ఖాళీ కూడలి ఉంది. ఎవరి అవసరం వారిని కదిపింది, అందుకు ఎవరినీ తప్పుపట్టను. ఇక్కడైనా ఒకరి వెనక ఒకరం నిలబడదామని నా మనవి. మనలో ఒకరు ఆస్పత్రిలో ఉంటే మొదటిరోజు ఇరవైమంది పండ్లతో వెళతాము, నాలుగోరోజు రాత్రి తోడు పడుకునేవాడు ఉండడు. సేన అంతా ఒకేసారి లేచి, తర్వాత లేవని ఆట ఇది. సంఘంలో ఒక వంతుల పుస్తకం పెట్టండి. రాత్రికి ఒక పేరు చాలు. మొదటి పేరు నాది వ్రాసుకోండి.

రెండో మనవి పిల్లలకు. ఆదివారం సాయంత్రం మన హాలు అరుగుమీద పులిమేక గీస్తాను. చింతగింజలు నేను తెస్తాను. రంగుల బొమ్మలున్నవాళ్ళు అవీ తెచ్చుకోండి, మా మేనల్లుడి పద్ధతీ ఆడదాము. హంపీలో రాతి నేలల మీద ఇలాంటి ఆటగీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాజ్యం పోయినా గీతలు మిగిలాయి.

నా వంతు అయిపోయింది. తర్వాతి వక్తగారికి అప్పగించి సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.