ఇంట్లో తుపాకీకి ఇనప్పెట్టె: తక్కువ ఖర్చు, కాస్త భౌతికశాస్త్రం



ఈనాటి మన పాఠం ఒక పెట్టె గురించి. మీ ఊళ్లో కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగు షాపులోనే చేయించుకోగలిగిన ఇనప్పెట్టె అది. అందులో పెట్టవలసిన వస్తువు మాత్రం లైసెన్సు ఉన్న తుపాకీ. "మా ఇంట్లో తుపాకీ ఎందుకుంటుందండీ?" అని మీలో చాలామంది అనుకుంటారు. నిజమే. కాని బ్యాంకు దగ్గర కాపలా ఉద్యోగం చేసే మాజీ సైనికుడి ఇంట్లో ఉంటుంది. అడవిపందుల బారినుంచి పంటను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న రైతు ఇంట్లో ఉంటుంది. కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో కొడవలకు లైసెన్సు విషయంలో ప్రత్యేక మినహాయింపు ఉంది; కైల్‌పోద్ పండుగనాడు వాళ్లు ఆయుధాలకు పూలు పెట్టి పూజ చేస్తారు. ఇవన్నీ పిల్లలు తిరిగే ఇళ్లే.

మా పెదనాన్నగారు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. ఆయన దగ్గర లైసెన్సు ఉన్న రెండు గొట్టాల తుపాకీ ఉండేది. దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి దేవుడి పటం వెనక తగిలించేవారు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. వేసవి సెలవులకు వెళ్లిన మా ఆరుగురు పిల్లలకూ తెలుసు! ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లంతా నిద్రపోతుంటే బీరువా తెరిచాం. తుపాకీని బయటికి తీశాం. నాకంటే రెండేళ్లు పెద్దవాడు దాన్ని భుజానికి ఆనించి, నా వైపు తిప్పి, మీట నొక్కాడు. 'టక్' అని చప్పుడైంది, అంతే. ఎందుకంటే ఆ బీరువా మీద మా పెద్దమ్మకు నమ్మకం లేదు. తూటాలను ఆవిడ తన ట్రంకు పెట్టెలో దాచి, ఆ తాళంచెవిని కొంగుకు కట్టుకునేది. ఈనాడు నేను మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ కొంగుముడి వల్లనే.

ఇప్పుడు పెట్టె సంగతికి వద్దాం. ఇనప్పెట్టె చేసే పని ఏమిటి? "ఎవరూ తెరవలేకుండా చేయడం" అని మీరు చెబుతారు. అది పొరపాటు. తెరవలేని పెట్టె లోకంలో లేదు. 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ వచ్చి, అప్పటికి ఆరు దశాబ్దాలుగా ఎవరూ తెరవలేకపోయిన బ్రామా తాళాన్ని తెరిచి చూపించాడు. దానికి అతనికి 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. బ్రామా తాళం ఓడిపోయిందని అప్పట్లో అందరూ అన్నారు. నేనలా అనను. ఏ దొంగకు 51 గంటలు దొరుకుతాయి? ఈనాటికీ అమెరికాలో యూ.ఎల్. అనే పరీక్షా సంస్థ ఇనప్పెట్టెల శక్తిని నిమిషాల్లోనే కొలుస్తుంది. ఇళ్లల్లో వాడే పెట్టె మామూలు చేతి పనిముట్ల దాడికి ఐదు నిమిషాలు తట్టుకోవాలి. టీ.ఎల్.-15 అనే తరగతి పెట్టె పదిహేను నిమిషాలు తట్టుకోవాలి. అంటే ఇనప్పెట్టె మనకు కొని ఇచ్చేది కాలాన్ని.

మరి ఎవరి నుంచి, ఎంత కాలం? ఇంటి దొంగతనాల్లో దొంగకు తొందర ఎక్కువ. పిల్లవాడికి బలం లేదు కాని తీరిక చాలా ఉంది. మూడోవాళ్లు కూడా ఉన్నారు: ఒక గంటపాటు విపరీతమైన కోపంలోనో దుఃఖంలోనో మునిగిపోయిన మన ఇంటి మనిషి. ఆ గంట గడిచిపోతే చాలామంది తేరుకుంటారు. 2005లో 'జామా' అనే అమెరికా వైద్య పత్రికలో ఒక పరిశీలన వెలువడింది. తుపాకీలో తూటా ఉంచకపోవడం, తుపాకీకి తాళం వేయడం, తూటాలకు తాళం వేయడం, రెండింటినీ వేరువేరు చోట్ల ఉంచడం, ఈ నాలుగు అలవాట్లలో ప్రతి ఒక్కటీ ఉన్న ఇళ్లల్లో పిల్లలకు, యుక్తవయస్కులకు తుపాకీ ప్రమాదాలూ ఆత్మహత్యలూ తక్కువగా కనిపించాయి. మా పెద్దమ్మ ఆ పత్రిక చదివి ఉండదు.

ఇక తయారీ. రెండు గొట్టాల తుపాకీ పొడవు సుమారు 115 నుంచి 120 సెంటీమీటర్లు. కాబట్టి 130 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 25 లోతు చాలు. మామూలు బీరువా రేకు సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా పలచన. మనం 3 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు తీసుకుందాం. మందం మూడింతలైతే బలం కూడా మూడింతలు అనుకుంటున్నారా? రేకు వంగకుండా నిలిచే గుణం మందం యొక్క ఘనంతో పెరుగుతుంది. మూడు ఘనం ఇరవై ఏడు. మూడు రెట్లు ఇనుము కొంటే ఇరవై ఏడు రెట్లు బిగువు దొరుకుతుందన్నమాట. ఇంత లాభం మార్కెట్లో ఇంకెక్కడా రాదు.

బరువు లెక్క వేద్దాం. పెట్టె ఆరు ముఖాల వైశాల్యం మొత్తం 1.58 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు దాదాపు 23.5 కిలోలు తూగుతుంది. అంటే పెట్టె 37 కిలోలు. ఇద్దరు మనుషులు మోసుకుపోగలరు! తాళం ఎంత గొప్పదైనా పెట్టెనే ఎత్తుకుపోతే ఏం లాభం? అందుకే పెట్టెలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం తాళం కాదు, వెనక వైపు వేసే నాలుగు రంధ్రాలు. వాటిలోంచి 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు గోడలోకి దిగాలి, వాటి తలలు పెట్టె లోపల ఉండాలి. కాంక్రీటు స్తంభం దొరికితే శ్రేష్ఠం. పాత మట్టి గోడలో బోల్టు నిలవదు. అప్పుడు కింద కాంక్రీటు దిమ్మె పోసి, పెట్టె అడుగును దానికి బిగించాలి.

పెట్టెను గది మూలలో పెట్టండి. దీనికి కారణం మీరు పాఠశాలలో చదివిన తులాదండ సూత్రమే. 105 సెంటీమీటర్ల గునపం తీసుకుని, కొన నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఆనిక ఇస్తే అటు 5, ఇటు 100. ఇరవై రెట్లు. మనిషి 50 కిలోల బరువుతో నొక్కితే తలుపు అంచు మీద ఒక టన్ను పడుతుంది. 3 మిల్లీమీటర్ల తలుపు దానికి ఆగదు. మూలలో గోడ అడ్డం వస్తే గునపం తిప్పడానికి చోటుండదు. రెండో జాగ్రత్తగా, తలుపు చట్రం లోపలికి దిగేట్లు చేసి, చట్రానికి లోపలి అంచున యాంగిల్ వెల్డు చేయించాలి. సందు లేని చోట గునపం కొన దూరదు.

తలుపు బందుల విషయంలో వెల్డింగు మేస్త్రీలు ఎక్కువగా ఒక పొరపాటు చేస్తారు. బందులు బయట పెట్టి, గడియ ఒక్క వైపే ఇస్తారు. బందుల పిన్ను కోస్తే తలుపు ఊడి చేతికి వస్తుంది. బందులున్న వైపు తలుపు లోపల ఒక ఇనుప పట్టీ నిలువుగా వెల్డు చేయించండి. తలుపు మూసినప్పుడు అది చట్రం వెనక్కి జొరబడుతుంది. అప్పుడు బందులు కోసినా తలుపు కదలదు. దీనికయ్యే ఖర్చు ఒక ముక్క పట్టీ, పది నిమిషాల పని. చాలా చవక పెట్టెల్లో ఇదే ఉండదు.

ఇప్పుడు తాళం. సూట్‌కేసులకు ఉండే మూడంకెల తాళం పెడదామా? మొత్తం వెయ్యి అమరికలు. ఒక్కొక్కటి చూడటానికి మూడు సెకన్లు అనుకుంటే 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. క్రికెట్ మ్యాచ్ విరామంలో కుర్రవాడు తెరిచేస్తాడు. నాలుగంకెలైతే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అయితే మీ నాన్నగారు ఆ నాలుగంకెలుగా తన పుట్టిన తేదీ, నెల పెట్టుకుంటే అమరికలు పదివేలు కావు, 366 మాత్రమే. 18 నిమిషాల్లో సరి. అంకెల తాళం వద్దనుకుంటే మంచి లీవర్ తాళం వేయించండి. లీవర్లు ఎన్ని ఎక్కువైతే దొంగ చెవి పట్టడం అంత కష్టం. అలీగఢ్, దిండిగల్ తాళాలకు పేరున్న ఊళ్లు. బొంబాయిలో ఆర్దెషిర్ గోద్రెజ్ 1897లో మొదలుపెట్టింది తాళాలతోనే. ఇనప్పెట్టెలు ఆ తరవాత వచ్చాయి.

తాళంచెవి లైసెన్సు ఉన్న మనిషి ఒంటి మీదే ఉండాలి. పటం వెనకా, పోపుల డబ్బాలోనూ, దిండు కిందా కాదు. రెండో చెవి బ్యాంకు లాకరులో పెట్టవచ్చు.

తూటాలకు వేరే చిన్న పెట్టె, వేరే తాళం, వీలైతే వేరే గది. ఆ పెట్టె గాలి చొరబడనంత బిగుతుగా ఉండకూడదు. ఇల్లు అంటుకున్నప్పుడు విడిగా ఉన్న తూటా పేలినా దాని శక్తి చెదిరిపోతుంది. మందపాటి ఇనుములో బిగించి మూస్తే ఒత్తిడి పెరిగి పెట్టే పేలుడు వస్తువవుతుంది. తూటా ఎక్కించి ఉన్న తుపాకీ మంటల వేడికి తనంత తానే పేలవచ్చు. దాన్ని ఖాళీ చేసి పెట్టమనడానికి ఇది మరో కారణం.

మంటల నుంచి కాపాడటానికి పెట్టె లోపల జిప్సం పలక వేయమని కొందరు సలహా ఇస్తారు. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీరే. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ వేడిని మింగేస్తుంది, అందుకే కాగితాల పెట్టెలకు అది బాగుంటుంది. తుపాకీ పెట్టెకు నేనైతే వద్దంటాను. ఉక్కు వస్తువు పక్కన తేమ పీల్చే గోడ దేనికి?

తేమ అసలు శత్రువు. మన పెట్టె లోపలి ఘనపరిమాణం ఒక ఘనపు మీటరులో దాదాపు పదో వంతు. 30 డిగ్రీల వేడి, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న వానాకాలపు రోజున ఆ గాలిలో సుమారు రెండున్నర గ్రాముల నీరు ఉంటుంది. వంద గ్రాముల సిలికా జెల్ దాన్ని సులువుగా పట్టేస్తుంది. కాని తలుపు తెరిచిన ప్రతిసారీ కొత్త తేమ వస్తుంది, కాబట్టి జెల్‌ను నెలకొకసారి వేడిచేసి ఆరబెట్టాలి. తుపాకీని తోలు సంచిలో ఉంచి పెట్టెలో పెట్టకండి. తోలు తడిని పట్టి ఉంచుతుంది. గొట్టం మీద ఎర్రటి చారలు వస్తాయి. మా పెదనాన్నగారి తుపాకీకి పట్టిన తుప్పు అలాంటిదే.

చట్టం సంగతి రెండు మాటలు. మనకు 1959 ఆయుధాల చట్టం ఉంది. 2019 సవరణ తరవాత ఒక మనిషికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. 2016 ఆయుధ నియమాలు తుపాకీని సురక్షితంగా భద్రపరచడాన్ని లైసెన్సు కోరే వ్యక్తి బాధ్యతగా పెట్టాయి. పెట్టె ఉందని లైసెన్సు రాదు, లైసెన్సు లేని ఆయుధాన్ని ఏ పెట్టే కాపాడదు.

ఈ వారం మీకు ఒక పని ఇస్తున్నాను. ఇందులో తుపాకీ అక్కర్లేదు. మీ ఇంట్లో పురుగుమందుల డబ్బా, నిద్రమాత్రలు, నగల బీరువా, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. దాని తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఎంతమందికి తెలుసో విడివిడిగా అడిగి రాసుకోండి. పెద్దవాళ్లు చెప్పిన సంఖ్య ఒక నిలువు వరసలో, పిల్లలు చెప్పింది రెండో వరసలో. మీ ఇంటి అతి చిన్న పిల్లవాణ్ణి మాత్రం చివర అడగండి. లెక్క తెచ్చి మీ సైన్సు ఉపాధ్యాయుడికి చూపించండి. సెలవు.