పావ్‌లోవ్ కుక్క నిజంగా ఏం నేర్చుకుంది?

బి.ఇడి. పట్టాలు అందుకోబోతున్న మీ అందరికీ అభినందనలు.

మీలో చాలామంది పట్టా చేతికి రాకముందే ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టి ఉంటారు. అభ్యసన సిద్ధాంతాల అధ్యాయం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కుక్క అంటే పావ్‌లోవ్, పిల్లి అంటే థార్న్‌డైక్, చింపాంజీ అంటే కోహ్లర్, ఎలుకా పావురమూ అంటే స్కిన్నర్. నాలుగు ఆప్షన్లు, ఒక మార్కు. అధ్యాయం సారాంశం కూడా ఒక్క ముక్కలో వచ్చేస్తుంది: గంట, ఆహారం కలిసి వస్తే రెండూ ముడిపడతాయి. రేపట్నుంచి తరగతి గదిలో నిలబడబోయే మీకు ఆ ఒక్క ముక్క చాలదనీ, సగం తప్పుదారి కూడా పట్టిస్తుందనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఆ ముక్క పావ్‌లోవ్‌ది కాదు. రెండు వేల ఏళ్ల పాతది. ఒక జ్ఞాపకం వెంట మరో జ్ఞాపకం ఎలా వస్తుందని అరిస్టాటిల్ ఆలోచించాడు. పోలిక వల్ల, వైరుధ్యం వల్ల, పక్కపక్కన ఉండటం వల్ల అన్నాడు. మిగతా రెండూ వెనకబడ్డాయి గానీ ఈ పక్కపక్కన ఉండటమనే మాట మాత్రం తత్వవేత్తల్ని శతాబ్దాల పాటు వదల్లేదు.

ఇంగ్లండులో జాన్ లాక్ దాన్ని అందుకున్నాడు. వైద్యం చదివినవాడు కాబట్టి మనుషుల వింత అలవాట్లు అతని కంట్లో పడేవి. మానవ అవగాహన మీద రాసిన తన పెద్ద గ్రంథానికి 1700లో వచ్చిన నాలుగో కూర్పులో, భావాల సంయోగం గురించి కొత్తగా ఒక అధ్యాయం చేర్చాడు. అందులో ఒక కుర్రవాడి సంగతి ఉంది. అతను నాట్యం నేర్చుకున్న గదిలో ఒక పాత ట్రంకుపెట్టె ఉండేది. నాట్యం బాగా పట్టుబడింది, కానీ ఆ గదిలోనే, ఆ పెట్టె ఉంటేనే. వేరే చోట ఆడాలంటే అలాంటి పెట్టె ఒకటి అక్కడ కూడా ఉండాలి! చీకటికీ దయ్యాలకూ సహజంగా ఏ సంబంధమూ లేదని కూడా లాక్ అంటాడు. తెలివిమాలిన దాది చిన్నప్పుడు ఆ రెండింటినీ కలిపి చెబితే ఆ పిల్లవాడు జన్మంతా వాటిని విడదీసుకోలేడట. మన ఇళ్లలో బూచాడి పేరు చెప్పి అన్నం తినిపించడం తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

తర్వాత 1739లో డేవిడ్ హ్యూమ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. నిప్పు కాలుస్తుందని మనం తర్కంతో తెలుసుకోం, ఒకదాని వెంట ఒకటి రావడం పదేపదే చూసి అలవాటుతో ఎదురుచూస్తాం అన్నాడు. ఎదురుచూడటం అనే సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం. హార్ట్‌లీ అనే వైద్యుడు 1749లో ఈ ముడులన్నీ నరాల్లో కంపనాలని ఊహించాడు. కొలిచే సాధనం లేక ఊహ ఊహగానే మిగిలింది.

కొలత రష్యా నుంచి వచ్చింది. సెచెనోవ్ అనే శాస్త్రవేత్త 1863లో మెదడు ప్రతిచర్యల మీద పుస్తకం రాశాడు. ఆలోచన కూడా ఒక ప్రతిచర్యే, కాకపోతే చివరి కదలిక ఆగిపోయిన ప్రతిచర్య అని దాని సారం. రియజాన్ పట్టణంలో మతగురువు కావడానికి చదువుతున్న ఒక కుర్రవాడు అలాంటి పుస్తకాలు చదివి ఆ చదువు మానేసి, 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అతనే ఇవాన్ పావ్‌లోవ్.

1904లో అతనికి నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద పనికి, ఇలా రెండింటిని ముడిపెట్టి నేర్పే నిబంధనానికి కాదు. టెట్‌లో ఇది అడిగితే జాగ్రత్త. ఆ జీర్ణక్రియ పనిలోనే ఒక చిక్కు వచ్చిపడింది. లాలాజల గ్రంథి నాళాన్ని చిన్న శస్త్రచికిత్సతో కుక్క బుగ్గ బయటికి మళ్లించి, దానికి గాజు గరాటు లాంటిది అతికించి, ఊరే లాలాజలాన్ని చుక్కల లెక్కన కొలిచేవారు. నోట్లో ఆహారం పడితే చుక్కలు పడాలి. కానీ గిన్నె కనబడగానే, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడు వినబడగానే పడేవి. ఇది కుక్క మనసులోని కోరిక అనుకుని సరిపెట్టుకోవడం సులువు. పావ్‌లోవ్ సహాయకుల్లో స్నార్స్కీ అనే ఆయన అదే అన్నాడు. పావ్‌లోవ్ ఒప్పుకోలేదు, ఇద్దరి దారులూ వేరయ్యాయి. కుక్క మనసులోకి మనం తొంగి చూడలేం, చుక్కల్ని లెక్కపెట్టగలం. పావ్‌లోవ్ పట్టుదల అంతా ఈ ఒక్క మాటలో ఉంది. మన పుస్తకాల్లో గంట బొమ్మ వేస్తారు గానీ అతని ప్రయోగశాలలో మెట్రోనోములూ బజర్లూ దీపాలే ఎక్కువగా వాడేవారు.

అదే రోజుల్లో అమెరికాలో ట్విట్‌మయర్ అనే పరిశోధక విద్యార్థి మోకాలి ప్రతిచర్య మీద పనిచేస్తూ, సుత్తి తగలకుండానే గంట మోతకు కాలు ఎగరడం గమనించాడు. 1902లో అది సిద్ధాంతవ్యాసంగా రాశాడు, 1904లో సభలో చదివాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నది సాక్షాత్తూ ప్రముఖ మనోవిజ్ఞానవేత్త విలియం జేమ్స్. ఎవరూ పట్టించుకోలేదు. అతనూ ఆ దారి వదిలేశాడు. ఇది పరీక్షలో రాదు కాబట్టే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. 1960ల చివర్లో కెనడాలో లియోన్ కామిన్ ఎలుకలతో ఒక ప్రయోగం చేశాడు. ముందు చప్పుడు, వెంటనే చిన్న షాక్. ఎలుక చప్పుడుకు భయపడటం నేర్చుకుంది. ఆ తర్వాత చప్పుడుతో పాటు దీపం కూడా వెలిగించి, వెంటనే అదే షాక్. దీపమూ షాకూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకసారి కాదు, చాలాసార్లు. అరిస్టాటిల్ లెక్కన ముడి పడిపోవాలి. దీపం ఒక్కటే వెలిగించి చూస్తే ఎలుకకు దాదాపు భయమే లేదు. కారణం? షాక్ రాబోతోందని చప్పుడు ముందే చెప్పేసింది. దీపం కొత్తగా చెప్పిందేమీ లేదు.

రాబర్ట్ రెస్కోర్లా, అలన్ వాగ్నర్ 1972లో దీన్ని సమీకరణంగా పెట్టారు. ఎదురుచూసినదానికీ జరిగినదానికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత నేర్చుకోవడం జరుగుతుంది. తేడా లేకపోతే, ఎన్నిసార్లు పక్కన పెట్టినా ఏమీ జరగదు. తర్వాత వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో సన్నని సూది లాంటి ఎలక్ట్రోడు పెట్టి డోపమైన్ కణాల్ని విన్నాడు. అనుకోకుండా పళ్లరసం దొరికితే అవి చెలరేగాయి. దీపం రసాన్ని ముందే సూచిస్తోందని తెలిశాక రసానికి కాక దీపానికి చెలరేగాయి. దీపం వెలిగీ రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణంలో అణగిపోయాయి. హ్యూమ్ చెప్పిన ఎదురుచూపు సూదిమొనకు దొరికింది.

ఇది మీ బోర్డు దాకా వస్తుంది. ఎక్కం వందసార్లు వల్లె వేయిస్తే, ప్రశ్న పక్కన సమాధానం చేరుతుందే గానీ పిల్లవాడు దేన్నీ ఊహించడు, ఊహించకపోతే ఊహ తప్పడమూ ఉండదు. లెక్క చేయించే ముందు, ఎంత వస్తుందనుకుంటున్నావురా అని అడగండి. మునుగుతుందా తేలుతుందా అని అడిగాకే రాయిని నీళ్లలో వేయండి. వాడు నోరు తెరిచి ఒక మాట అన్నాక జరిగేది వేరు.

భయం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరికి వచ్చే పిల్లలు ఖాళీ పలకలుగా రారు. వాట్సన్, రోజాలీ రేనర్ అనే పరిశోధకులు 1920లో పదకొండు నెలల పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక ఇనుపకడ్డీ మీద సుత్తితో కొట్టి భయం నేర్పారు. ఆ భయం తీయకుండానే పిల్లవాడు ఆస్పత్రి నుంచి వెళ్లిపోయాడు. ఆ పేపరు చదివినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది. నాలుగేళ్ల తర్వాత మేరీ కవర్ జోన్స్ తిరుగుదారి చూపించింది. కుందేలంటే హడలిపోయే మూడేళ్ల పీటర్‌కు ఇష్టమైన తిండి పెట్టి, అతను తింటుండగా పంజరంలోని కుందేల్ని గదికి ఆ మూల పెట్టింది. రోజుకు కాస్త దగ్గరికి. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా పిల్లవాడు ఊరుకున్నాడు. జోన్స్ ఒక హెచ్చరిక కూడా చేసింది. తొందరపడితే పని తిరగబడుతుంది, కుందేలు మీది భయం పోయి తిండికి అంటుకుంటుంది. లెక్కలంటే భయపడే పిల్లను మొదటి రోజే బోర్డు దగ్గరికి పిలిచేవాళ్లు ఈ వాక్యాన్ని మళ్లీ చదవాలి.

పోయిన భయం చెరిగిపోదు. దీన్ని పావ్‌లోవ్ కుక్కలే చూపించాయి. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌లో వరద వచ్చింది. కుక్కల గదుల్లో నీళ్లు దాదాపు పైకప్పు దాకా లేచాయి. తలుపులు కింద ఉండటంతో ఈదుతున్న కుక్కల తలలు నీళ్లలో ముంచి బయటికి లాగాల్సి వచ్చింది. తర్వాత కొన్నింటికి నేర్చుకున్న ప్రతిచర్యలు పోయాయి. మెల్లగా తిరిగి వచ్చాక, తలుపు కింది నుంచి సన్నగా నీళ్లు పారనిస్తే చాలు, పరిస్థితి మళ్లీ మొదటికి వచ్చింది.

మీరు పుస్తకంలో విరమణ (నేర్చుకున్నది ఆగిపోవడం), అయత్నసిద్ధ స్వాస్థ్యం (కొంతకాలానికి అది దానంతటదే తిరిగి రావడం) అని చదివినది ఇలాంటిదే. మార్చి నాటికి మీ తరగతిలో ధైర్యంగా చెయ్యెత్తిన పిల్ల, వేసవి సెలవుల తర్వాత జూన్‌లో తల వంచుకుని కూర్చుంటే మీ శ్రమ వృథా అయిందనుకోకండి, ఆ పిల్ల మీద విసుక్కోకండి. మొదటిసారి కన్నా ఈసారి త్వరగా లేస్తుంది. జోన్స్ కుందేల్ని పెట్టినట్టు, గదికి ఆ మూల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.