చీవరం విడిచాక సాధన

భిక్షువు చీవరం (కాషాయ వస్త్రం) వదిలి బౌద్ధ సంఘాన్ని విడవడం నేరం కాదు. మాట అర్థం చేసుకోగల ఒకరి ఎదుట శిక్షణ వదులుతున్నానని స్పష్టంగా చెబితే చాలు. థేరవాద భిక్షువుగా పాటించిన 227 నియమాలు పోయి, గృహస్థుగా 5 శీలాలు మిగులుతాయి.

అసలు కష్టం ఆ తర్వాతే. ఆరామంలో గంట మోగగానే అందరూ లేస్తారు. హైదరాబాద్ శివారు తూంకుంటలో కాపురం పెట్టి, జీనోమ్ వ్యాలీలో షిఫ్టు డ్యూటీ చేసేవారికి ఆ గంట ఎవరూ కొట్టరు. రాజీవ్ రహదారి మీద లారీల రొదా ఆగదు. ఆరామ దినచర్యను యథాతథంగా ఇంటికి తెచ్చుకుంటే సాధన, సంసారం రెండూ దెబ్బతింటాయి.

గృహస్థుకు సరిపడే కొలత ఒకటుంది: నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త విపశ్యన కేంద్రంలో 10 రోజుల శిబిరం ముగించినవారికి చెప్పేది పొద్దున గంట, సాయంత్రం గంట ధ్యానం. రాత్రి షిఫ్టు వారంలో మొదటి గంటను నిద్ర లేవగానే పెట్టుకోవడం మేలు. మిగతా వారాల్లో పిల్లల స్కూలు బస్సు హడావిడి మొదలైతే ఇక కుదరదు. అమావాస్య, పౌర్ణమి, అష్టముల్లో పాటించే ఉపోసథం గృహస్థులకూ ఉంది: ఆ రోజు 8 శీలాలు, మధ్యాహ్నం దాటాక భోజనం ఉండదు.