ఇంటి పెద్దలు - మధుమేహము

పంచాయతీ సభ్యులారా,

మధుమేహమున్న పెద్దలకు తీపి మాన్పించినచో బాధ్యత తీరినదని మనము తలచుచున్నాము. ఏకాదశినాడు మాత్ర వేసికొని అన్నము మానిన అవ్వను గమనించువారెవరు? ఇన్సులిన్, కొన్ని రకముల మాత్రలు, ఆహారము లేనప్పుడు రక్తములోని చక్కెరను మితిమీరి తగ్గించును. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపించును. వీనిని వృద్ధాప్యపు చాదస్తమని త్రోసివేయుచుందురు! డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో మూడు చిన్న చెంచాల చక్కెరను నీట కలిపి వెంటనే త్రాగింపవలెను. పరీక్షాయంత్రము లేదని జాగు చేయరాదు. 15 నిమిషములకు గుర్తులు తగ్గకున్న మరల ఇచ్చి, తేరుకొన్న పిదప అన్నము పెట్టవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక 108కు ఫోను చేయవలెను. ఉపవాసమునకు ముందే మందుల విషయము వైద్యునడుగవలెను. ఒంటరి వృద్ధుల యిండ్లకు ఆశా కార్యకర్తతో కలిసి మనమే వెళ్లి ఈ సంగతి చెప్పుదము.